ఫిల్మ్‌నగర్‌లో పాలు పొంగిన పూట

"ఏవండీ, స్టవ్ మీద పాలున్నాయి. నేను తయారై వచ్చేదాకా కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పి హైమ లోపలికి వెళ్ళింది.

మధురానగర్‌లోని ఆ వంటింట్లో వరప్రసాద్ పాలగిన్నె ఎదుటే నిలబడ్డాడు. కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి గానీ మనసు ఫిల్మ్‌నగర్‌లో ఉంది, చెవి ఫోనుకు అతుక్కుని ఉంది. హైమ బడికి తయారై వచ్చేసరికి పాలు గిన్నెలో సగం, స్టవ్ మీద సగం ఉన్నాయి.

"పేరుకి గ్యాస్ కంపెనీలో పెద్ద ఆఫీసరు. పొయ్యి మీద పాలు చూడ్డం మాత్రం చేతకాదు!"

"ఊరుకో హైమా, శుభసూచకం. ఇవాళ శకుంతలమ్మగారింట్లో కూడా ఇలాగే పొంగాలి."

"అక్కడ తుడిచేవాళ్ళు వేరే ఉంటారు. ఇక్కడ నేనొక్కదాన్నే" అంటూ హైమ గుడ్డ అతని చేతిలో పెట్టింది. వరప్రసాద్ ఇస్త్రీ చొక్కాతోనే స్టవ్ తుడిచి, టై సర్దుకుని బయలుదేరాడు.

అతను పనిచేసే హెల్వార్ ఎనర్జీ అనే కంపెనీ ఏడు దేశాల్లో గ్యాసూ కరెంటూ అమ్ముతుంది. జూబ్లీహిల్స్‌లో దానికొక కంట్రోల్ రూమ్ ఉంది. ఎవరింట్లో గ్యాస్ లీకైనా, ఏ కాలనీలో కరెంటు పోయినా అక్కడి తెరల మీద ఎర్రచుక్క వెలుగుతుంది. ఆ కంట్రోల్ రూముకి వరప్రసాదే పెద్ద. నెల రోజులుగా అక్కడ ఎవరికీ అన్నం సహించడం లేదు. ఇండియాలో రెండు కంట్రోల్ రూములు దండగనీ, పుణెది ఉంచి హైదరాబాదుది మూసేస్తారనీ వార్త. అదే జరిగితే పాతికమంది ఉద్యోగాలు పోతాయి. ఆ మాట వాళ్ళకు చెప్పాల్సింది వరప్రసాదే. ఆ దృశ్యం తలుచుకుంటే చాలు, అతనికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

విషయం తేల్చడానికి ప్రధాన కార్యాలయం నుంచి యాన్సెన్ అనే డైరెక్టర్ వచ్చాడు. నిన్న పుణె చూశాడు, ఇవాళ హైదరాబాదు. పుణె వాళ్ళు రంగురంగుల స్లైడ్లు చూపించి ఉంటారని వరప్రసాద్ ఊహించాడు. తను స్లైడ్లు చూపించదలుచుకోలేదు. ఏకంగా కస్టమరునే చూపించదలిచాడు.

ఫిల్మ్‌నగర్ వెనక వైపు కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లకు గ్యాసూ కరెంటూ రెండూ హెల్వార్ వాళ్ళవే. అక్కడ మొదటగా ఐదో అంతస్తులో గృహప్రవేశం చేసుకుంటున్నది శకుంతలమ్మ. సినిమాల్లో ఆవిడ తల్లి కాని హీరో లేడు. తెర మీద ఆవిడ వండని పాయసం లేదు, ఆ సెట్టింగు పొయ్యిల్లో ఒక్కటీ నిజంగా వెలిగింది లేదు. యూసుఫ్‌గూడ కిరాయి ఇళ్ళలో జీవితమంతా గడిపి, ఇన్నాళ్ళకు సొంత వంటిల్లు కట్టుకుంది. ఆ వంటింట్లో కంపెనీ గ్యాసు మీద పాలు పొంగుతూ ఉండగా యాన్సెన్ చప్పట్లు కొట్టాలి, ఆ ఫొటో ఏడు దేశాలకూ వెళ్ళాలి. వరప్రసాద్ పథకం అదీ.

అతను వెళ్ళేసరికి ఇల్లు సందడిగా ఉంది. గుమ్మం పక్కన నాదస్వరం, డోలు. వంటింట్లో పురోహితుడు సుబ్రహ్మణ్యంగారు. యాన్సెన్‌కు బాగా కనబడాలని గ్యాసు వాసన పసిగట్టే యంత్రాన్ని వరప్రసాద్ ముందురోజే స్టవ్‌కు సరిగ్గా నెత్తిన బిగించి పెట్టించాడు. సుబ్రహ్మణ్యంగారు దానికి కూడా పసుపు, కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశారు.

ముహూర్తం దగ్గర పడింది. యాన్సెన్ జాడ లేదు, ముందుగా గడపలో అడుగు పెట్టాల్సిన ఆవు జాడా లేదు. ఇద్దరూ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఒకే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు.

"ఆవు కోసం ముహూర్తం ఆగదమ్మా. పాలు కానిచ్చేద్దాం" అన్నారు సుబ్రహ్మణ్యంగారు.

అంతలో వాచ్‌మన్ ఫోన్ చేశాడు, దొరగారి కారు గేటు దాటిందని. వరప్రసాద్‌కు ప్రాణం లేచొచ్చింది. దొర గుమ్మంలోకి వచ్చేసరికి పాలు పొంగుతూ ఉండాలి.

"ఇంకా పోయండమ్మా, అంచుదాకా పోయండి" అని శకుంతలమ్మను తొందరపెట్టాడు. తనే వంగి మంట పెద్దది చేశాడు.

పాలు పొంగాయి. అలా ఇలా కాదు, ఇత్తడి గిన్నె నాలుగు వైపులా ధారలు కట్టి బర్నరు మీద పడ్డాయి. అందరూ "ఆహా" అన్నారు. శకుంతలమ్మ కళ్ళు చెమర్చాయి. పాలు పడి మంట ఆరిపోయింది. ఆరిన మంట కింద నుంచి గ్యాసు తన దారిన తను వస్తూనే ఉంది. బంతిపూల దండలోని యంత్రం అది పసిగట్టి, పెద్దగా కూత పెట్టింది.

ఏడు దేశాల ఇంజనీర్లు కూర్చుని తయారుచేసిన యంత్రం. కొత్త ఇంట్లో మొట్టమొదట పాలు పొంగించి మంట ఆర్పుకునే జనం ఉంటారని వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు జూబ్లీహిల్స్ ఆఫీసు నిండా ఉన్నారు. పాలు పొంగడం శుభమే తప్ప ప్రమాదమని వాళ్ళకూ తట్టలేదు.

"ప్రమాదం! దయచేసి బయటకు వెళ్ళండి!" అని యంత్రం ఇంగ్లీషులో అరిచింది. శుభకార్యంలో చెడ్డమాట చెవిన పడకూడదు. సుబ్రహ్మణ్యంగారు చెయ్యెత్తి వేళ్ళు ఆడించారు. గట్టిమేళం మొదలైంది. యంత్రం గొంతు పెంచింది, డోలు వాళ్ళు అంతకంటే పెంచారు. డోలు వాళ్ళే గెలిచారు.

అప్పటికే గ్యాసు దానంతట అదే కట్టయింది. నిప్పురవ్వ పుట్టకుండా ఆ బ్లాకు మొత్తానికి కరెంటూ కట్టయింది. ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆరాయి. వరప్రసాద్ కిటికీలన్నీ బార్లా తెరిచాడు, గాలికి ఆ కాస్త వాసనా పోయింది. హమ్మయ్య అనుకునేలోపు వాచ్‌మన్ మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ వచ్చాడు.

"సార్! దొర లిఫ్టులో ఉన్నడు సార్! మూడో అంతస్తు కాడ ఆగింది!"

"ఒక్కడేనా?"

"ఆవు గూడ ఉంది సార్. సుట్టాలతోని చిన్న లిఫ్టు నిండింది. అందుకని సామాన్ల లిఫ్టుల ఇద్దర్నీ ఎక్కించిన."

వరప్రసాద్ మెట్ల మీద పరుగెత్తి వెళ్ళి లిఫ్టు తలుపు సందులో నోరు పెట్టి పిలిచాడు. లోపలి నుంచి ఆవు యజమాని కమలాకర్ పలికాడు.

"ఫికర్ చెయ్యకుర్రి సార్. మా సీతామహాలక్ష్మి మస్తు మంచిది. పెద్దపెద్ద హీరోలతోని చేసింది. దొర గూడ మంచోడే, ఏమంటలేడు. కానీ సార్, జర జల్దీ చూడుర్రి. గాలి ఆడుతలేదు. దొరకు సెమటలు పట్టినయ్."

లిఫ్టు మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఎర్రగడ్డలో ఉన్నాననీ, రైతుబజారు రద్దీ దాటగానే వస్తాననీ అన్నాడు. వరప్రసాద్ కంట్రోల్ రూముకి ఫోన్ చేశాడు. డ్యూటీలో మేధ ఉంది. రూలు తప్పి కుర్చీ కూడా జరపని పిల్ల.

"మేధా, ఇక్కడ గ్యాసు లేదు, నేను చెక్ చేశాను. వెంటనే కరెంటు ఇవ్వు."

"సర్, స్పాట్‌లో ఉన్న సీనియర్‌మోస్ట్ ఆఫీసర్ తన ఫోన్‌లో అప్రూవ్ చెయ్యాలి. యాన్సెన్ సర్ అక్కడే ఉన్నట్టు చూపిస్తోంది."

"ఆయన లిఫ్టులో ఇరుక్కున్నాడమ్మా!"

"లిఫ్టులోంచే అప్రూవ్ చెయ్యమనండి సర్."

"లిఫ్టులో సిగ్నల్ లేదు."

"లిఫ్టు కదిలితే వస్తుంది సర్."

"కరెంటు ఉంటేగా కదిలేది!"

"అప్రూవల్ ఉంటేగా సర్ కరెంటు."

వరప్రసాద్ మెట్ల మీద చతికిలబడ్డాడు. ఆ నిబంధన రాసింది ఎవరా అని అడిగాడు. యాన్సెన్ గారే అని మేధ చెప్పింది.

"ఇంకో దారి ఉంది సర్" అంది ఆ పిల్లే, కాస్త సందేహిస్తూ. "ఆయన ఆచూకీ లేదని నమోదు చేస్తే నెక్స్ట్ సీనియర్ మీరే. మీరు అప్రూవ్ చెయ్యొచ్చు. కానీ సర్, అలా నొక్కగానే ఏడు దేశాల ఆఫీసులకీ మెసేజ్ వెళ్ళిపోతుంది. గ్యాసు ప్రమాదంలో డైరెక్టర్ ఆచూకీ తెలియడం లేదని. మనం ఆపలేం."

అదొక్కటీ నొక్కితే హైదరాబాదు కంట్రోల్ రూముకు ఆ పూటే తాళం పడుతుంది. పాతికమంది మొహాలు వరసగా కళ్ళముందు తిరిగాయి. మెకానిక్ వచ్చేదాకా ఆగితే ఎవరూ తప్పు పట్టరు, నిబంధన అలాగే ఉంది మరి. తలుపు సందులోంచి యాన్సెన్ దగ్గు వినిపించింది. పెద్ద వయసు మనిషి దగ్గు. ఆ తర్వాత కమలాకర్ గొంతు.

"సార్, దొర కూలవడ్డడు."

"నొక్కు మేధా" అన్నాడు వరప్రసాద్. "మన ఉద్యోగాలు పోతే పోనీ. ముందు మనిషి బతకాలి."

తన ఫోనులో తనే అప్రూవ్ చేశాడు. కరెంటు వచ్చింది. లిఫ్టు కదిలి ఐదో అంతస్తుకు చేరేసరికి వరప్రసాదూ మెట్లెక్కి అక్కడికి వచ్చాడు. తలుపు తెరుచుకుంది. తలుపుకు అడ్డంగా సీతామహాలక్ష్మి నిలబడి ఉంది. దాని వెనకాల, లిఫ్టు మూలన, యాన్సెన్ టై వదులు చేసుకుని గోడకానుకుని కూర్చున్నాడు. గట్టిమేళం ఇంకా నడుస్తూనే ఉంది. వరప్రసాద్ ఆవును లాగాడు, వాచ్‌మన్ లాగాడు. ఆవు అంగుళం జరగలేదు.

"గట్ల గుంజితే రాదు సార్" అన్నాడు కమలాకర్. "షూటింగ్ ఆవు ఇది. గా డోలు సప్పుడు ఇన్నదంటే షాట్ షురూ అయిందనుకుంటది. కట్ చెప్పేదాక కదల్దు. నేను చెప్తే ఇనది, నేను డైరెక్టర్ కాదని దానికెరుక."

పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని శకుంతలమ్మ ముందుకొచ్చింది. ఎంతమంది దర్శకులను చూసిందో, ఆ గొంతులన్నీ ఒక్కటి చేసి "కట్! షాట్ ఓకే!" అంది. డోలు ఆగింది. సీతామహాలక్ష్మి తాపీగా బయటకు నడిచి, కుడికాలు ముందుపెట్టి కొత్త ఇంట్లోకి వెళ్ళింది.

యాన్సెన్‌ను సోఫాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మనిషి తేరుకున్నాడు. ఫోనుకు సిగ్నల్ వచ్చి అదేపనిగా మోగసాగింది. ఒక దేశం వాళ్ళు ధైర్యంగా ఉండమన్నారు, ఒక దేశం వాళ్ళు సంతాపం తెలిపారు. ప్రధాన కార్యాలయంలో ఒకాయన మాత్రం యాన్సెన్ గది ఎప్పుడు ఖాళీ అవుతుందని అడిగాడు. యాన్సెన్ అన్నీ ఓపిగ్గా చదివాడు. వరప్రసాద్ రాజీనామాలో మొదటి వాక్యం మనసులో కూర్చుకుంటున్నాడు.

"నన్ను ఆచూకీ లేని మనిషిగా నమోదు చేసింది ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు యాన్సెన్.

"నేనే సర్. మా వాళ్ళ తప్పేమీ లేదు."

యాన్సెన్ మజ్జిగ తాగడం పూర్తి చేశాడు. "వెళ్ళిన ప్రతి ఆఫీసులోనూ నేనొక ప్రశ్న అడుగుతాను. నేనే ప్రమాదంలో చిక్కుకుంటే ఏం చేస్తారని. నిన్న పుణెలోనూ అడిగాను. మీ అనుమతి కోసం ఎదురుచూస్తామన్నారు. అన్నిచోట్లా అదే జవాబు. నేను రాసిన నిబంధనల్లో ఇవాళ నువ్వు వాడింది ఇంతవరకూ ఎవరూ వాడలేదు. ఈ కంట్రోల్ రూమ్ ఇక్కడే ఉంటుంది."

వరప్రసాద్‌కు ఏడుపొచ్చినంత పనైంది. కానీ యాన్సెన్ ఇంకా ముగించలేదు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ చుట్టూ తిరిగి, పాలు పడిన బర్నరును వేలితో ముట్టుకుని చూశాడు.

"పాలు పొంగించి, మంట ఆర్పి, యంత్రాన్ని పరీక్షించడం! మా ప్రయోగశాలలో ఒక్కడికీ తట్టలేదు. ఇది ఎవరి ఆలోచన?"

వరప్రసాద్ నిజం చెప్పబోయాడు. శకుంతలమ్మ అతని చెయ్యి నొక్కి, తనే ఇంగ్లీషులో అందుకుంది.

"మా వాళ్ళు కొత్త ఇంట్లో ఈ పరీక్ష చెయ్యకుండా కాపురం పెట్టరండీ. మా అమ్మమ్మ కాలం నుంచీ అంతే."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. సుబ్రహ్మణ్యంగారు కూడా గంభీరంగా తలూపారు.

నెల తిరగకుండానే ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏడు దేశాల్లోనూ కొత్త కనెక్షన్ ఇచ్చినప్పుడల్లా సిబ్బంది గిన్నె నిండా పాలు పోసి పొంగించి చూడాలి. అనుమానాలుంటే హైదరాబాదులోని వరప్రసాద్‌ను అడగాలి. మొదటి అనుమానం ఓస్లో ఆఫీసు నుంచి వచ్చింది. అప్పుడు సాయంత్రం, మధురానగర్ వంటింట్లో వరప్రసాద్ పాలగిన్నె ముందు నిలబడి ఉన్నాడు.

"తూర్పు వైపు పొంగితే శ్రేష్ఠం" అని అతను ఓస్లో వాళ్ళకు వివరంగా చెబుతున్నాడు. "పడమర వైపైనా పరీక్షకు ఇబ్బంది లేదు. మీగడ కట్టకముందే మంట పెంచాలి..."

"ఏవండీ, పాలు!" అంటూ హైమ పరుగెత్తుకొచ్చింది.

అప్పటికే గిన్నె చుట్టూ తెల్లగా మడుగు కట్టింది. హైమ గుడ్డ తెచ్చి అతని చేతిలో పెట్టింది.

వరప్రసాద్ స్టవ్ తుడిచి, పరీక్ష విజయవంతమైందని నమోదు చేశాడు.