చీలమండ నొప్పి రాని మొగుడూ ఒక మొగుడేనా!

చీలమండ నొప్పి లేకుండా టకటకా నడిచిపోయేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళు బతుకులో ఏం చూశారు? ముందున్న రోడ్డు తప్ప!

నా మాట నమ్మండి. దేవుడు మనిషికి కళ్ళిచ్చాడు, చెవులిచ్చాడు. అవి సరిగ్గా పనిచెయ్యాలని డెబ్బై ఒకటో ఏట చీలమండ నొప్పి కూడా ఇచ్చాడు.

ఈ మాట అంటున్నది పుట్టుకతో కుంటినడక నడిచినవాడు కాదు. జనగామ పక్క మా ఊళ్ళో ఈ మొగిలయ్య నడిచాడంటే లేచిన దుమ్ము మూడు రోజులకు గానీ కిందికి దిగేది కాదు. ఒకసారి వరంగల్ బస్సు తప్పిపోయింది. సరే కానిమ్మని నడక మొదలుపెట్టాను. బస్సు వరంగల్ చేరేసరికి నేను బస్టాండు బెంచీ మీద కూచుని రెండో చాయ్ తాగుతున్నాను. కండక్టరు నన్ను చూసి, “టికెట్ లేకుండ ఎక్కి, ఎప్పుడు దిగినవే?” అని గల్లా పట్టుకున్నాడు! దీనికి సాక్షులున్నారు. అందరూ చనిపోయారు, అది వేరే సంగతి.

అంతటి నడకగాణ్ణి. ఆక్లండ్ శివార్లలో న్యూ లిన్‌లో ఉండే కొడుకు ధీరజ్ దగ్గరికొచ్చి ఆరేళ్ళయింది. ఆదివారం పొద్దున తెలుగు పెద్దవాళ్ళం పది మందిమి పార్కు చుట్టూ నడుస్తాం. అందరికంటే ముందు నేను. నాకు పది అడుగులు వెనక మా సత్యమ్మ. పెళ్ళయి నలభై ఎనిమిదేళ్ళు. జనగామలో పది అడుగులే, హైదరాబాదులో పది అడుగులే, ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో ట్రాలీ తోసుకుంటూ వచ్చిననాడూ పది అడుగులే. ట్రాలీ ఆమే తోసింది లెండి. ఆ పది అడుగులే నా పరువు. అవి పోతే నా దగ్గర ఇక మీసం ఒక్కటే మిగులుతుంది.

మొన్న మార్చిలో పార్కు మధ్యలో కుడి చీలమండ కలుక్కుమంది. ఆగాను. వెనకాల వస్తున్న సత్యమ్మ ఆగలేదు! నన్ను దాటి, ఇంకో పది అడుగులు వెళ్ళి, అప్పుడు తిరిగి చూసింది.

“ఏందయ్యా, ఆగినవ్?”

“కాలు.”

“మెల్లగ రా మరి,” అని వెళ్ళిపోయింది.

పాఠకులారా, నలభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నేను నా భార్య వీపు చూశాను! చీర మీద స్వెటరు, స్వెటరు మీద కోడలి జాకెట్టు, కింద రన్నింగ్ షూ. చేతులూపుకుంటూ, మిలిటరీవాళ్ళ లెక్క పోతోంది. చీలమండ నొప్పి రాకపోతే ఈ దృశ్యం నాకు దక్కేదా? మీరే చెప్పండి!

ధీరజ్ నన్ను ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళాడు. పాతికేళ్ళ కివీ పిల్ల, ఈ దేశపుదే. నా చీలమండ నొక్కింది, తిప్పింది, ఒంటికాలి మీద నిలబెట్టింది. తర్వాత కాలు వదిలేసి నా షూ ఎత్తి చూసింది, చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు.

“బాపూ, షూ వెనక భాగం చపాతీ లెక్క ఎందుకయిందని అడుగుతోంది,” అన్నాడు ధీరజ్.

ఎందుకేమిటి! మనవాళ్ళ ఇళ్ళలో ఒక్కటైనా షూతో లోపలికి రానిస్తుందా? రోజుకి ఐదు గుమ్మాలెక్కితే ఐదుసార్లు విప్పాలి, ఐదుసార్లు తొడగాలి. వంగి లేసులు కట్టుకుని లేచేసరికి ఇంటివాళ్ళు మళ్ళీ భోజనానికి పిలుస్తారు. అందుకే మడమ భాగం తొక్కేసి, చెప్పుల్లా ఈడ్చుకుంటూ తిరుగుతాను. ఆ లేసులు కొన్ననాడు ధీరజ్ కట్టినవి, ఇంతవరకు నేను ముట్టుకోలేదు. కావాలంటే ఈ ఆదివారం ఎవరింట్లోనైనా పూజ ఉంటే గుమ్మం బయట చూడండి. మన జాతి షూలన్నీ అట్లాగే నడుం విరిగి పడి ఉంటాయి!

మడమని పట్టి ఉంచేది లేక పాదం అటూ ఇటూ తూలుతోందట. ఆ తూలుడంతా చీలమండ మోస్తోందట. కాబట్టి షూ సరిగ్గా తొడిగి లేసు బిగించాలి. కొన్నాళ్ళు కొద్ది దూరమే నడవాలి. కిచెన్ గట్టు పట్టుకుని రోజూ ఇరవైసార్లు మునివేళ్ళ మీద లేవాలి. నడిచొచ్చాక ఫ్రీజర్లోని బఠాణీ ప్యాకెట్ గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టుకోవాలి. వాపు పెరిగినా, కాలు మోపలేకపోయినా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలట. పరిగెత్తగలిగితే నీ దగ్గరికెందుకొస్తాను తల్లీ!

ఆ బఠాణీలు మూడు రోజులు నా కాలికి సేవ చేశాయి. నాలుగో రోజు పులావులో కనబడ్డాయి. నేను గుర్తుపట్టాను. నోరు మూసుకుని తిన్నాను.

ఇక లాభాల సంగతికొస్తాను. కుర్రాళ్ళు ఫ్లాట్ మారినప్పుడల్లా “అంకుల్, ఒక చెయ్యి వేయండి” అని ఫ్రిజ్ మోయిస్తారు కదా? ఇప్పుడు నేను కుర్చీలో కూచుని “కొంచెం ఎడమకి, కొంచెం ఎడమకి” అంటాను. ట్రైనెక్కగానే ముగ్గురు లేచి సీటిస్తారు. అడుగడుగునా ఆగుతాను కాబట్టి మా వీధిలో ప్రతి లెటర్ బాక్సూ నాకు కంఠతా వచ్చు. ఏ గోడ మీంచి ఏ నిమ్మచెట్టు వంగిందో, ఎన్ని కాయలు బయటికున్నాయో అడగండి, చెప్తాను! అంతెందుకు, ఆరేళ్ళుగా వాతావరణం తప్ప ఏమీ మాట్లాడని కాకినాడ అప్పారావు గారు ఇప్పుడు రోజూ ఫోన్ చేసి, “యూరిక్ యాసిడ్డేనండీ, రాసిపెట్టుకోండి!” అంటారు. వాళ్ళావిడ మంగతాయారు గారు పక్కనుంచి, “నువ్వుల నూనె మర్దనా చెయ్యమనండీ!” అంటారు. చీలమండ బాగున్న మనిషికి ఇంత మర్యాద ఎక్కడుంది?

ఒక్క ముల్లు మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. ఒకరోజు సత్యమ్మని అడిగేశాను.

“నీకింత నడక ఎప్పుడొచ్చిందే?”

“ఎప్పుడూ ఉన్నదే,” అంది, చిక్కుడుకాయలు తుంపుతూ. “ముంగట నువ్వు అడ్డమున్నవ్.”

అడ్డం! వరంగల్ బస్సును ఓడించినవాణ్ణి!

ఆ రోజు నుంచి కిచెన్ గట్టు పట్టుకుని ఇరవైకి బదులు నలభైసార్లు లేచాను. లేసులు కట్టుకోవడం నేర్చుకున్నాను. ఆరు వారాలయ్యేసరికి నొప్పి మాయం. ఫిజియో పిల్ల నన్ను ఒంటికాలి మీద నిలబెట్టి, “పర్ఫెక్ట్!” అంది.

ఆదివారం వచ్చింది. మీసం దువ్వాను, లేసులు బిగించాను. ఇవాళ నా పది అడుగులు నాకు వచ్చెయ్యాలి! గేటు దగ్గర్నుంచే వేగం అందుకున్నాను. మొదటి బెంచీ దగ్గర సత్యమ్మ నాలుగడుగులు ముందుంది. రెండో బెంచీ దగ్గర ఎనిమిది. చెరువు బాతుల దగ్గరకొచ్చేసరికి పదిహేను! పోనీ ఆమె పరిగెడుతోందా అంటే అదీ లేదు. హెండర్సన్‌లో ఏ షాపులో చింతపండు బాగుంటుందో మంగతాయారు గారికి చెప్తోంది. మాటకీ మాటకీ మధ్య ఆయాసమైనా లేదు. ఆయాసమంతా నా దగ్గరే ఉంది.

అయ్యా, చీలమండకి ఫిజియో ఉంది. దీనికెవరున్నారు? ఏ గట్టు పట్టుకుని ఎన్నిసార్లు లేస్తే పెళ్ళాన్ని దాటగలను?

పక్కనే అప్పారావు గారు వస్తున్నారు. పరువు పోయేట్టుంది. ఏం చెయ్యను? ఆగాను, వంగాను, చీలమండ పట్టుకుని “అమ్మా!” అన్నాను.

“అయ్యో, ఇంకా తగ్గలేదా అండీ?” అన్నారాయన.

సత్యమ్మ వెనక్కి తిరిగింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఎందుకంటే నేను అదే కాలి మీద ఒంటికాలితో నిలబడి, పై అరలోంచి పచ్చడి సీసా అందుకోవడం ఆమె పొద్దున్నే చూసింది.

“యాడ తగ్గిందన్నా!” అంది సత్యమ్మ, రెప్ప కొట్టకుండా. “ఇంకో ఆర్నెల్లు నా ఎనకాలనే మెల్లగ నడువుమన్నదట ఆ ఫిజియో పిల్ల.”

ఆర్నెల్లు! ఆ పిల్ల ఎప్పుడంది? ఎవరితో అంది? సత్యమ్మ నా మొహంలోకి చూసింది. నేను ఆమె మొహంలోకి చూశాను. కాదంటే ఇప్పుడే పరువు పోతుంది. అవునంటే ఆర్నెల్లు పోతాయి.

“అవునండీ అప్పారావు గారూ, ఆర్నెల్లట,” అని కుడికాలు ఈడ్చాను. “తక్కువలో తక్కువ.”