డబ్బా కదిపిన చేతులు

పొద్దున్నే ఫిల్ము కడిగేసి, మధ్యాహ్నానికల్లా మామగారి ఫొటో భార్య చేతిలో పెట్టాలని ఫొటోగ్రాఫర్ అనుకున్నాడు. మామగారికి ఫొటో అంటే గిట్టేది కాదు. కెమెరా కనిపిస్తే చాలు, పక్కగదిలోకి తప్పుకునేవారు. ఆయన పోయాక వెతికితే ఇంట్లో ఒక్క ఫొటో లేదు. పాత కెమెరాలో మిగిలిపోయిన రీలులో మాత్రం, ఎలా దొరికారో ఏమో, ఇంటిల్లిపాదీ దిగిన ఒక గ్రూప్ ఫొటోలో ఉన్నారు.

"నాన్న ముఖం మర్చిపోతానేమోనని భయంగా ఉందండీ" అంది భార్య.

ఫిల్మును చీకట్లో డబ్బాలోకి ఎక్కించి, బొమ్మ తేల్చే మందు పోసి, మూత బిగించి వంటింటి గట్టు మీద పెట్టాడు. ఫిల్మును అంటుకున్న మందు కాసేపటికి నీరసించిపోతుంది. డబ్బాను కదిపితేనే తాజా మందు వచ్చి పని అందుకుంటుంది. అలాగని అదేపనిగా కుదిపితే వెలుగున్న చోటల్లా మాడిపోతుంది. ఇదంతా చెప్పి, ఉండుండి మెల్లగా తిప్పమని భార్యకు అప్పగించి ముందుగదిలోకి వెళ్లాడు. అక్కడ పలకరించడానికొచ్చిన దూరపు బంధువు చెయ్యి పట్టుకుని ఇక వదల్లేదు.

భార్య బుద్ధిగానే తిప్పింది. ఏడుపొచ్చి ఆమె పెరట్లోకి వెళ్లగానే అత్తగారు వచ్చారు. ఆయన ఇందులోనే ఉన్నారని విని, డబ్బాను గుండెకు హత్తుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఏడ్చారు. ఆవిణ్ణి ఓదార్చి పంపిన బావమరిది, ఇంతసేపూ ఎవరూ కదపలేదేమోనని డబ్బాను దగ్గుమందు సీసాలా గిలకొట్టాడు. భార్య తిరిగొచ్చి, పాపం, తన వంతు తప్పిందనుకుని ఆ లోటంతా తీరేలా తెగ తిప్పింది.

ఫొటోగ్రాఫర్ చెయ్యి విడిపించుకుని వచ్చేసరికి అత్తగారు రెండో విడత ఏడుస్తున్నారు. డబ్బా ఆవిడ ఒళ్లో ఊగుతోంది.

"ఎవరెవరు కదిపారు?"

ముగ్గురూ చేతులెత్తారు. అతని ప్రాణం ఉసూరుమంది.

మిగతా కడుగుడు కానిచ్చి ఫిల్మును వెలుతురుకు పట్టి చూశాడు. గ్రూప్ ఫొటో నల్లగా మాడిపోయింది. ఫిల్ము మీద నలుపంటే ఫొటోలో తెలుపే. భార్యకేసి చూడ్డానికి అతనికి ధైర్యం చాల్లేదు.

"నాన్న పోయారా?" అని ఆమె మెల్లగా అడిగింది.

అతను ఫిల్మును తీగకు వేలాడదీసి ఆరబెట్టాడు.

ఆశ చావక ప్రింటు తీశాడు. ముందు వరుసలో ఇస్త్రీ బట్టలతో ఎండకు ఎదురుగా నిలబడ్డ వాళ్లంతా తెల్లగా చెరిగిపోయారు. బావమరిదికి మీసం తప్ప ఏమీ మిగల్లేదు. వెనకాల వసారా నీడలో నక్కిన మామగారు, మామూలుగా కడిగితే ఉత్త నల్లమరకగా ఉండాల్సిన మనిషి, ఆ కుదుపులకు నీడకూ మందు బాగా పట్టడంతో పైకి తేలి స్పష్టంగా, విసుగ్గా చూస్తున్నారు. భార్య ఆ ముఖాన్ని వేలితో తడుముతూ చాలాసేపు ఏడ్చింది.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని తనెక్కడున్నారో వెతుక్కున్నారు. మొత్తం కుటుంబంలో మిగిలింది పోయినాయన ఒక్కరే.