చలి చక్రాలున్న వాటికే

ఇంటికి హీటరు అక్కర్లేదు. కారవాన్‌కు మాత్రం ఉండి తీరాలి! ఈ మాట కాదనేవాళ్ళు ఒకసారి రాన్‌ఫర్లీ వచ్చి, సెల్విన్ టోకర్ ఎదుట కూర్చుని కాదనాలి. జూలైలో రావాలి. మా దక్షిణార్ధగోళంలో పెరట్లో బకెట్ నీళ్ళు గడ్డకట్టే నెల అది. వచ్చేవాళ్ళు స్వెటర్లు తెచ్చుకోవాలి. ఎందుకంటే ఆ చర్చ జరిగేది సెల్విన్ ఇంట్లో.

ఆ ఇంటికి చెక్క గోడలు, రేకుల కప్పు. వంటింట్లో కట్టెల పొయ్యి ఉంది. పడకగది ఇంటికి ఆ చివర. పొయ్యి వేడి నడవాలో సగం దూరం వచ్చి, ఇక చాల్లే అనుకుని ఆగిపోతుంది. తెల్లారేసరికి పడకగది కిటికీ అద్దం మీద మంచు పేరుకుంటుంది, అదీ లోపలివైపు. దీన్ని చలి అంటారా? సెల్విన్ అనడు. గాలి ఆడుతోంది అంటాడు.

ఆయన భార్య నోలీన్ చలి అనే అంటుంది. పెళ్ళయిన ఏడాది నుంచీ అంటూనే ఉంది. జూన్‌లో చలి మొదలవగానే ఆమె వేళ్ళ కీళ్ళు బిగుసుకుంటాయి. మళ్ళీ వసంతం వస్తేగానీ వదలవు. అందాకా టీ కప్పు రెండు చేతులతో పట్టుకోవాలి. గుండీలు పెట్టుకోవడానికి పక్కింటావిడ రావాలి. పడకగది వెచ్చగా ఉంచుకుంటే ఈ బాధ తగ్గుతుందని డాక్టరు చెప్పాడు, కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు.

"ఆ డాక్టరుది ఆక్లండ్," అన్నాడు సెల్విన్. "ఆక్లండ్ వాళ్ళకు చలి గురించి ఏం తెలుసు? ఇంకో స్వెటరు వేసుకో."

ఇదీ మా సెంట్రల్ ఒటాగో ప్రాంతపు వైద్యం! దగ్గొస్తే స్వెటరు. కీళ్ళు పట్టేస్తే స్వెటరు. మనిషి పోతే మంచి స్వెటరు చూసి తొడిగి పంపిస్తాం. ఇంత చవకైన వైద్యం ఇంకే దేశంలో ఉంది?

అయితే సెల్విన్‌కు జాలి లేదనుకుంటే పొరపాటు. ఈస్టర్ సెలవుల్లో ఆయన, పక్కింటి వాటీ కలిసి చెరువు దగ్గరికి చేపల వేటకు వెళ్ళారు. కారు వెనక కారవాన్ తగిలించుకుని వెళ్ళారు. అందులో ఒక మంచం, ఒక బల్ల, గ్యాస్ పొయ్యి ఉంటాయి. ఆ రాత్రి మంచు పడింది. తిరిగొచ్చిన సెల్విన్ ముఖం చూసి నోలీన్ ఎవరో పోయారనుకుంది.

"చల్లబడిపోయింది నోలీన్," అన్నాడు. "అలమర తలుపుల మీద చెమ్మ. పరుపు కింద చెమ్మ. పాపం, ఎలా ఓర్చుకుందో!"

"ఎవరు?"

"కారవానే!"

అంత మనసున్న మనిషి చేతులు కట్టుకుని కూర్చుంటాడా? మర్నాడే డీజిల్ హీటరుకు ఆర్డరిచ్చాడు. చెప్పుల పెట్టెంత యంత్రం. డీజిల్‌ను చుక్క చుక్కగా తాగుతుంది, పొగను గొట్టంలోంచి బయటికి వదులుతుంది, వేడిగాలిని లోపలికి ఊదుతుంది. దానితో వచ్చిన పుస్తకాన్ని సెల్విన్ వంటింటి పొయ్యి పక్కన కూర్చుని రెండుసార్లు చదివాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం అదే పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాడు.

జూలైలో బిగించడానికి పూనుకున్నాడు. హీటరు బిగించడమంటే మాటలా! కారవాన్ నేలకు చిల్లులు పెట్టాలి. పొగ పోవడానికొకటి, గాలి రావడానికొకటి, డీజిల్ గొట్టానికి ఇంకొకటి. మొదటి చిల్లు సరిగ్గా ఇనుప దూలం మీదికి వచ్చింది. సెల్విన్ దాన్ని మూసేసి, అంగుళం పక్కకు జరిగి మళ్ళీ పెట్టాడు. వాటీ కంచె మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

"ఒరేయ్, ఇంటి గోడకు మేకు కొట్టమంటే నువ్వు రెండేళ్ళు ఆలోచిస్తావు. దీనికి ఇన్ని బొక్కలు పెడుతున్నావేంట్రా?"

"ఇది అవసరంరా," అన్నాడు సెల్విన్ కారవాన్ కిందనుంచి.

నోలీన్ టార్చి పట్టుకుని కంకర మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. నేల మీద మంచు ఇంకా కరగలేదు.

"వెలుతురు వణుకుతోంది నోలీన్!"

"వణికేది వెలుతురు కాదు."

"మరి సరిగ్గా పట్టుకో!"

పట్టుకుంది. ఆయన గొట్టాల చుట్టూ సందులన్నీ జిగురు పెట్టి మూశాడు. కారవాన్ కిటికీలకు కొత్త రబ్బరు వేశాడు. నేల కింద దళసరి అట్ట అతికించాడు. విషవాయువు వస్తే కూతపెట్టే అలారం తగిలించాడు. వీసమెత్తు గాలి దూరకూడదు! పడకగది కిటికీ సందులో నోలీన్ కుక్కిన పాత తువ్వాలు మాత్రం అలాగే ఉంది. అది వేరే శాఖ.

చివరికి ఒక మధ్యాహ్నం మీట నొక్కాడు. పంపు టిక్కు టిక్కుమంది. బయట గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చి ఆగిపోయింది. కాసేపటికి కారవాన్ లోపల సెల్విన్ టోపీ తీశాడు. తర్వాత స్వెటరు. తర్వాత ఇంకో స్వెటరు. బనీనుతో తలుపు దగ్గర నిలబడి ఊరందరికీ కనబడ్డాడు.

"రా, చూద్దువుగాని!" అని నోలీన్‌ను పిలిచాడు.

ఆమె లోపలికొచ్చి వేడిగాలి వచ్చే రంధ్రం ముందు చేతులు పెట్టింది. వేళ్ళు ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. చలికాలంలో తన చిటికెనవేలు తిన్నగా నిలబడటం చూసి ఆమె ఏదో అనబోయింది. ఈలోపు సెల్విన్ హీటరు ఆపేశాడు.

"ఎందుకాపావు?"

"డీజిల్ దండగ కాదూ! ఇది టూరుకు."

టూరు ఎప్పుడు? క్రిస్మస్‌కు. మాకు క్రిస్మస్ వచ్చేది మండువేసవిలో. నేరేడు రంగు వచ్చేదాకా వీపులు కాల్చుకునే రోజులవి. ఆ ఎండలో కారవాన్‌కు చలి వెయ్యకుండా ఆయన జూలైలోనే ఏర్పాటు చేశాడు. ముందుచూపంటే ఇది కాదా?

ఆ సాయంత్రం నోలీన్ తలగడ, కెటిల్, రేడియో తీసుకుని కారవాన్‌లోకి మారిపోయింది. మీట తనే నొక్కింది. తగాదా పడలేదు, తలుపు విసిరికొట్టలేదు. విసిరికొడితే కొత్త రబ్బరు పాడవుతుంది.

సెల్విన్ ఇంట్లోనే ఉన్నాడు. సిద్ధాంతం ఉన్న మనిషి! అయితే మంచంలో రెండో మనిషి లేకపోతే ఆ గదిలో గాలి ఇంకొంచెం ఎక్కువ ఆడుతుందని ఆయనకు అంతకుముందు తెలియదు. పొద్దున్నే టోపీ, మూడు స్వెటర్లు, చేతులకు మేజోళ్ళు వేసుకుని వచ్చి కారవాన్ తలుపు తట్టాడు.

"నోలీన్, టీ పెట్టలేదా? ఇంట్లో చచ్చే చలిగా ఉంది!"

లోపల రేడియో గొంతు తగ్గింది.

"ఇంకో స్వెటరు వేసుకో."

కాసేపటికి ఆమే తలుపు తీసి టీ ఇచ్చింది. కప్పు ఒక్క చేత్తో పట్టుకుని ఇచ్చింది. కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉంది. సెల్విన్ టీ తీసుకున్నాడు. గుండీలు చూడలేదు.

"ఒక్కటి చెప్పు," అంది నోలీన్. "దీనికి హీటరు పెట్టావు. నా గదికి ఎందుకు పెట్టలేదు?"

"అది ఇల్లు, ఇది కారవాన్."

"తేడా ఏంటి?"

సెల్విన్ నిజాయితీపరుడు. తేలిగ్గా జవాబు చెప్పడు. టీ సగం తాగేదాకా ఆలోచించాడు.

"దీనికి చక్రాలున్నాయి," అన్నాడు.

పాఠకులారా, ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? మా ఊళ్ళో ట్రాక్టరుకు శీతాకాలం దుప్పటి కప్పుతారు. కారు బ్యాటరీ చల్లబడుతుందని రాత్రి ఇంట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పెడతారు. చక్రాలున్న దేన్నీ మా మగవాళ్ళు వణకనివ్వరు. అంచేత ప్రభుత్వానికి నా మనవి ఒక్కటే: ఈ దేశంలో ప్రతి ఇంటికీ నాలుగు చక్రాలు బిగించండి. డాక్టర్లు కాగితాలు రాసే పని ఉండదు. వారం తిరక్కుండా ప్రతి పడకగదీ వెచ్చబడుతుంది. ఇళ్ళు కదలనక్కర్లేదు. సెల్విన్ కారవాన్ మాత్రం ఏం కదులుతోంది?

ప్రభుత్వం కోసం నోలీన్ ఆగలేదు. ఆ మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళి, పాత ట్రెయిలరు చక్రాలు రెండు దొర్లించుకుంటూ బయటికి తెచ్చింది. వాటిని పడకగది గోడకు బయటినుంచి ఆనించింది, కిటికీకి అటొకటి, ఇటొకటి. చేతులు దులుపుకుని కారవాన్‌లోకి వెళ్ళి రేడియో పెట్టుకుంది.

సెల్విన్ ఆ గోడ దగ్గరికి వచ్చాడు. చక్రాన్ని కాలితో ఒకసారి తన్ని చూశాడు. గాలి ఉంది. ఇంట్లోకి వెళ్ళి హీటరు పుస్తకం తెచ్చుకున్నాడు.

వారం తిరిగేసరికి రెండో హీటరు వచ్చింది. సెల్విన్ గోడ మీద పెన్సిలుతో గుండ్రంగా గీశాడు, లోపల దూలం ఉందేమోనని తట్టి చూసుకున్నాడు, డ్రిల్ ఎత్తాడు. నోలీన్ పక్కన టార్చి పట్టుకుంది. వెలుతురు కదల్లేదు.

వాటీ కంచె దగ్గరికి వచ్చాడు.

"ఏంట్రా, ఇంటికే బొక్క పెడుతున్నావు!"

"నోలీన్‌కు చలేస్తోందట."

"ఎప్పట్నుంచి?"

సెల్విన్ డ్రిల్ ఆపి ఆలోచించాడు.

"ఈ మధ్యే," అన్నాడు.