ఏడో తరగతి గుండె లెక్క

ఆ రోజు పొద్దున డ్రిల్లు మాస్టారి పథకం చాలా చిన్నది. ఏడో తరగతి పిల్లలు ముప్ఫైమందీ మైదానం చుట్టూ పన్నెండు నిమిషాలు పరుగెత్తాలి, నాడి చూసుకుని కాగితం మీద రాయాలి, ఆ కాగితం హెడ్మిస్ట్రెస్ గారి బల్ల మీదికి చేరాలి. ఆరు వారాలుగా వారానికి నాలుగు రోజులు ఇదే పని. పిల్లల గుండెలు గట్టిపడ్డాయని ఇవాళ చూపించలేకపోతే ఆ పీరియడ్ లెక్కల మాస్టారి పాలవుతుంది. ఆయన దాని మీద ఎప్పుడో కన్నేశాడు.

"ఇది పందెం కాదురా! పక్కవాడితో కబుర్లు చెప్పగలిగినంత నిదానంగా పరుగెత్తండి. ఆగొద్దు, అంతే!" అని మాస్టారు ఈల ఊదాడు.

కబుర్లు చెప్పమనే మాస్టారు ఎక్కడ దొరుకుతాడు? పిల్లలు ఆయన మాట జవదాటరు. పరుగు అయ్యాక మణికట్టు పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి, ఎవరి అంకె వాళ్ళు రాశారు. నూట నలభై, నూట నలభైనాలుగు. మాస్టారు మురిసిపోయి, కాగితం స్టాఫ్‌రూమ్‌లో పెట్టి, తరువాతి తరగతిని తీసుకుని మైదానానికి వెళ్ళాడు.

దాన్ని శుభ్రంగా ఎత్తిరాసి ఇచ్చే భారం లెక్కల మాస్టారు తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. 'పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేయాలి' అని పిల్లల కోసం పైన రాసిన సూచన ఆయన కంటపడింది. అంకెలు కనబడితే ఊరుకునే మనిషి కాడు. ముప్ఫై అంకెలనూ నాలుగుతో హెచ్చవేశాడు. రెండుసార్లు సరిచూసుకున్నాడు కూడా.

ఆయన తెచ్చిచ్చిన కాగితం చూడగానే హెడ్మిస్ట్రెస్‌కు గుండె గుభేలుమంది. తన నాడి తొంభై ఉంటేనే డాక్టరు మొన్న చీవాట్లు పెట్టాడు. ఇక్కడ పన్నెండేళ్ళ పిల్లకు ఐదువందల అరవై!

"మాస్టారూ, ఈ లెక్క సరైందేనా?"

"నా లెక్క తప్పడమా మేడమ్?" అన్నాడాయన నొచ్చుకుని.

ఆవిడ మేడ మీది తరగతికి పరుగెత్తింది. "ఎవరూ కదలొద్దు! మెల్లగా హాల్లోకొచ్చి కళ్ళు మూసుకుని పడుకోండి!"

"మాకేమైంది మేడమ్?" అంది ముందు బెంచీ పిల్ల.

"ఏం కాలేదు తల్లీ," అంటూనే ఆవిడ భోరుమంది. పిల్లలు హడలిపోయారు.

ఆఫీసు గుమాస్తా అంబులెన్సును పిలిచి, ఆపైన ఇళ్ళకు ఫోన్లు అందుకున్నాడు. ముప్ఫై ఇళ్ళు కాబట్టి ఒక్కొక్కరికీ ఒక్క ముక్కే. "మీ పిల్లకి గుండె... వెంటనే రండి!"

మొదట ఒక తల్లి ఒంటి చెప్పుతో పరుగెత్తుకొచ్చింది. హాల్లో వరసగా, కళ్ళు మూసుకుని, ముప్ఫైమంది పిల్లలు! ఆవిడ పెట్టిన కేకకు మిగిలిన తల్లిదండ్రులూ, మైదానంలోంచి డ్రిల్లు మాస్టారూ వచ్చిపడ్డారు. నా చేతులారా నేనే చంపుకున్నాను అనుకుని మాస్టారు గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. ఆ కంగారులో ఈల ఇంకా నోట్లోనే ఉంది. ఏడుపు కాస్తా 'పీ...' మని మోగింది.

ముప్ఫైమందీ దిగ్గున లేచారు. హాలు చుట్టూ నిదానంగా, పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ పరుగు అందుకున్నారు.

"ఆపండర్రా! గుండె పగిలిపోతుంది!" అంటూ హెడ్మిస్ట్రెస్, లెక్కల మాస్టారు, తల్లిదండ్రులు వాళ్ళ వెంట పడ్డారు. రెండో చుట్టుకు పెద్దలంతా గోడలు పట్టుకున్నారు. పిల్లలు మాత్రం ఆగలేదు. ఆరు వారాల కింద సగం చుట్టుకే చతికిలబడినవాళ్ళు వీళ్ళే.

అంబులెన్సు నర్సమ్మ వచ్చి ఒక పిల్లను ఆపి చెయ్యి పట్టుకుంది. "నూట నలభై. పరుగెత్తే పిల్లకి బ్రహ్మాండంగా ఉంది. ఐదువందల అరవై అని ఎవరు చెప్పారు?"

డ్రిల్లు మాస్టారు కళ్ళు తుడుచుకుని హెడ్మిస్ట్రెస్ చేతిలోని కాగితం లాక్కుని చూశాడు. "పిల్లలు హెచ్చవేసిందాన్ని మళ్ళీ హెచ్చవేసిందెవరండీ?"

లెక్కల మాస్టారు చెయ్యి ఎత్తాడు. నోటితో చెప్పడానికి ఊపిరి లేదు.

"ఆ పీరియడ్... మీదే," అంది హెడ్మిస్ట్రెస్ డ్రిల్లు మాస్టారితో, రొప్పుతూ. "రేపట్నుంచి... స్టాఫ్ కూడా... పరుగెత్తాలి."

నర్సమ్మ లెక్కల మాస్టారి మణికట్టు పట్టుకుని, "నూట ఎనభైనాలుగు," అంది. ఈసారి ఆయన హెచ్చవేయలేదు.