మూడు టీల కారు

మా పెళ్ళయి నలభై ఒక్క రోజులు. ఎవరూ అడగకపోయినా ఈ లెక్క చెబుతుంటాను. హీనా చపాతీ మొదటిసారి గుండ్రంగా వచ్చింది పద్నాలుగో రోజున. ఫోటో తీసి స్టేటస్ పెట్టాను. మా అన్న చూసి, "ఇంత దానికేనా?" అన్నాడు. వాడికి పెళ్ళయి పన్నెండేళ్ళు. పాపం, మరిచిపోయి ఉంటాడు.

ఆత్మకూరులో మేముండేది ఆ అన్న ఇంట్లోనే, వెనక గదిలో. మాతోపాటు తొమ్మిది బియ్యం మూటలు, ఒక పాత కుట్టుమిషను కూడా అందులోనే కాపురం ఉంటున్నాయి. అందుకే ఆదిశేషమ్మ గారి మేడ మీద పోర్షను మాట్లాడుకున్నాం. అడ్వాన్సుకీ, మంచానికీ, గ్యాసు పొయ్యికీ కలిపి తొంభై వేలు కూడబెట్టాను. శనివారం లోపల అడ్వాన్సు ఇవ్వకపోతే ఇల్లు వేరేవాళ్ళకి ఇస్తానని ఆవిడ ఖచ్చితంగా చెప్పేసింది.

ఆ తొంభై వేలు పెట్టి నేను కారు కొన్నాను.

తిట్టకండి, ముందు వినండి. మాలో పెళ్ళయ్యాక ఐదు శుక్రవారాలు అల్లుణ్ణి అత్తగారింటికి విందుకు పిలుస్తారు. జుమాగీ అంటాం. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే మా మామ నూర్ మహమ్మద్ ఇంటికి నాలుగు జుమాగీలకూ బస్సులోనే వెళ్ళాను. నాలుగోసారి పక్క సీటాయన ఒళ్ళో ఉన్న మేకపిల్ల నా కొత్త చొక్కా కాలరు సగం తినేసింది. ఆఖరి జుమాగీకైనా అల్లుడిలా కారులోంచి దిగాలని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను.

కారు అమ్మినాయన మైలేజీ మాలకొండయ్య. ఏ బండి గురించి అడిగినా మైలేజీ గురించే చెబుతాడు. వాడిన కార్లు అమ్ముతాడు. "ఏడు రోజుల్లో లోపం నా కళ్ళకు చూపిస్తే డబ్బు వాపస్" అని తన కార్డు వెనక రాసి ఇచ్చాడు.

హీనాకి మాత్రం అడ్వాన్సు కట్టేశానని, కారు వాయిదాల మీద తీసుకున్నానని చెప్పాను.

"వాయిదాలకిచ్చాడా? మంచాయనే పాపం," అంది హీనా. అంతే. 

అరగంట నడిస్తే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. పావుగంట చల్లబడితే మళ్ళీ కదులుతుంది. మొదటిసారి ఒక తుమ్మచెట్టు కింద ఆగింది.

"ఇక్కడెందుకు ఆపినారు జీ?"

"గాలి బాగుందని."

రెండోసారి కోళ్ళఫారం పక్కన ఆగింది. అక్కడ గాలి మాట ఎత్తకుండా అద్దాలు ఎక్కించాను.

కారు తీసుకుని మాలకొండయ్య దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. షాపు ముందు ఐదు నిమిషాలు స్టార్టు చేసి, "ఏంది నయీమ్ భాయ్, వీణ వాయిస్తా ఉండాది కదా ఇంజను!" అనేవాడు. షాపులో అరగంట ఎవరు నిలబెడతారు?

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఏడో రోజు సరిగ్గా శుక్రవారం. మాలకొండయ్యని జుమాగీకి పిలిస్తే సరి. దారిలో బండి ఆగుతుంది, ఆయన కళ్ళారా చూస్తాడు, తొంభై వేలు వాపస్. హీనాకి తెలియకుండా శనివారం అడ్వాన్సు కట్టేయొచ్చు.

"పిలవండి. మా అమ్మ బిర్యానీ తిననీ పాపం," అంది హీనా. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

శుక్రవారం పొద్దున మాలకొండయ్య తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో వచ్చాడు. "నేను అమ్మిన బండి, నేనే తోల్తా," అని స్టీరింగు ముందు కూర్చున్నాడు. నాకు లోపల ఒకటే సంబరం. గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఇరవై ఐదు నిమిషాలయ్యాయి.

"ఈడ టీ బలే ఉంటాది," అని పక్కకు తీసి ఆపాడు.

టీ బాగుంది. మళ్ళీ బయల్దేరాం. ఇంకో ఇరవై ఐదు నిమిషాలు. "ఈడ అల్లం టీ." తాగాం. ఇంకో ఇరవై ఐదు. "ఈడ బాదం టీ." ఆ మూడో గ్లాసు చేతిలో పట్టుకున్నాక కానీ నాకు వెలగలేదు. బానెట్టు కింద ఏముందో ఆయనకి నాకంటే బాగా తెలుసు!

కారు మా అత్తగారి గుమ్మం ముందు రాజాలా ఆగింది.

మాలకొండయ్య మూడుసార్లు బిర్యానీ వేయించుకున్నాడు. బిర్యానీలోకి చేసిన దాల్చా పప్పు ప్రత్యేకంగా గిన్నెతో తాగాడు. మామ నూర్ మహమ్మద్ ఆయన్ని అడిగాడు: "అన్నా, బండి ఎట్లుండాది?"

"నన్నడిగితే ఏముంది? మీ అల్లుణ్ణి అడగండి. సత్యంగా చెప్తాడు."

అందరూ నా వైపు చూశారు. ఆఖరి జుమాగీ. అత్తగారు నా పళ్ళెంలో మూలుగున్న పెద్ద బొక్క వేస్తోంది. తుక్కు కొన్నానని ఆ పూట ఏ అల్లుడు చెప్పగలడు?

"బ్రహ్మాండంగా ఉంది మామా."

"ఇన్నారా!" అన్నాడు మాలకొండయ్య.

"అయితే నాకూ ఇట్లాంటిదే ఒకటి చూడన్నా," అన్నాడు మామ. "నెల్లూరికి గరిటెలు ఏసకపోవాల."

చేతిలో బొక్క పళ్ళెంలో పెట్టేశాను. నా తొంభై వేలతో పాటు మామ డబ్బు కూడా పోయేలా ఉంది!

అంతలో హీనా అంది: "కొనేముందు బరువు లాగతాదో లేదో చూడాల కదా. అమ్మీనీ రుక్సానా ఖాలానీ తిప్పకరాండి మాలకొండయ్యన్నా."

మామ డిక్కీలో రెండు బస్తాల చెక్క వేశాడు. వెనక సీట్లో అత్తగారు హజరాబీ, ఆమె చెల్లెలు రుక్సానా ఖాలా, మధ్యలో హీనా. ముందు నేను. వరికుంటపాడు రోడ్డు పట్టాం. ఇరవై ఐదు నిమిషాలయ్యాయి.

"ఈడ టీ..." అన్నాడు మాలకొండయ్య.

"ఇప్పుడే కదా తిన్నింది! టీ ఏంది?" అంది మా అత్త.

"పొట్టలో చోటెక్కడుంది?" అంది ఖాలా.

"పోనీండి అన్నా. చల్లగా ఉండాది," అంది హీనా.

ఆయన తెల్లచొక్కా వీపంతా తడిసింది. "కాలు తిమ్మిరెక్కింది తల్లీ, రవంత ఆపి..."

"ఈయన తోల్తాడులే, మీరిటు పక్కకు రాండి," అంది హీనా.

ఆయన స్టీరింగు వదల్లేదు. నాలుగు నిమిషాల తర్వాత కారు రెండు దగ్గులు దగ్గి, కందిచేను పక్కన నిలబడిపోయింది. బానెట్టు లోంచి పొగ. ఎక్కడో గొర్రెలు అరుస్తున్నాయి.

హీనా దిగి పర్సులోంచి ఒక కార్డు తీసింది. "అన్నా, ఇయ్యాల ఏడో రోజు. లోపం మీ కళ్ళారా చూసినారు కదా?"

అది నా చొక్కా జేబులో ఉండాల్సిన కార్డు!

"సోమవారం షాపుకు రామ్మా, మాట్లాడదాం..."

"మా ఇంట్లో తిన్న మనిషివి. సోమవారం దాకా ఎందుకులే నాయనా," అంది మా అత్త, ఎంతో నెమ్మదిగా.

మూడు పళ్ళేల బిర్యానీ తిన్న మనిషి ఇంకేం చేస్తాడు? ఫోను తీశాడు. "నయీమ్ భాయ్, నీ నంబరు..."

"నా నంబరుకి వేయండి," అంది హీనా.

ఆయన నన్ను చూశాడు. నేను కందిచేను చూశాను.

అక్కణ్ణుంచి ఆటోలో ఇల్లు చేరాక విషయం బయటపడింది. సోమవారం హీనా వంటగదిలో అలమర ఎత్తు చూద్దామని ఆదిశేషమ్మ గారింటికి వెళ్ళిందట. "అడ్వాన్సు ఇస్తామన్నోళ్ళు ఇంకా రాలేదే. నువ్వెవరమ్మా?" అందట ఆవిడ. మంగళవారం చొక్కా ఉతకబోతే జేబులో కార్డు దొరికింది. బుధవారం పుట్టింటికి ఫోను చేసింది. మామ కారు బేరం, డిక్కీలో చెక్క, అత్తగారి మాట, అన్నీ ముందే అనుకున్నవి. ఆ ఇంట్లో ఏమీ తెలియకుండా అన్నం తిన్నది ఇద్దరమే: మాలకొండయ్య, నేను.

"నాకొక మాట చెప్పుంటే?" అన్నాను.

"మీరు ఎంత కష్టపడి అబద్ధాలు చెప్తా ఉన్నారో! మధ్యలో ఆపడానికి మనసు రాలా."

ఫోనులోనే ఆదిశేషమ్మ గారికి అడ్వాన్సు పంపేసింది. సాయంత్రం బస్సు ఎక్కాం. కండక్టరు హీనా ఆధార్ చూసి ఆడవాళ్ళకిచ్చే ఉచిత టికెట్టు ఇచ్చి, నా వైపు తిరిగాడు. జేబులు తడుముకున్నాను. మూడు టీల డబ్బులూ నేనే ఇచ్చాను కాబట్టి చిల్లర కూడా లేదు.

హీనా వైపు చూశాను. తను కిటికీ లోంచి చెట్లు లెక్కపెడుతోంది.

"ఆయన మీ మనిషేనామ్మా?" అన్నాడు కండక్టరు.

హీనా పర్సు తీసింది. "అవునన్నా. ఒక టికెట్టు కొట్టండి. రిటర్న్ చేద్దామంటే ఏడు రోజులు దాటిపోయినాయి."