ఫ్రికో గిన్నెకొక క్రియ ఉచితం

ఆ శనివారం పొద్దున ఎడ్మే గొదే వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మ వంటల కార్డులున్న డబ్బాను భర్త అలీర్ చేత చర్చి సంతకు విరాళంగా పంపించి, తన క్రియల కార్డులను తీరిగ్గా అక్షరక్రమంలో సర్దుకోవాలి. సోమవారం పదిగంటలకు నగరంలోని విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ సవ్వా వచ్చి ఆ కార్డులు తీసుకువెళతారు. అవి పుస్తకంగా వస్తాయి. అట్ట మీద ఎడ్మే పేరుంటుంది.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆమె ప్రభుత్వ కాగితాలను ఇంగ్లీషులోంచి ఫ్రెంచిలోకి మార్చే ఉద్యోగం చేసింది. ఇంగ్లీషువాళ్లకు ఒక దురలవాటు ఉంది. 'పుట్', 'గెట్', 'రన్' లాంటి బక్క క్రియ పక్కన 'అప్', 'ఓవర్', 'అవుట్' అని ఏదో ముక్క తగిలించి, ఎక్కడా లేని అర్థం దానికి అంటగడతారు. ఫ్రెంచిలో అలాంటి ఏర్పాటు లేదు. ఒక్కో దానికి ఒక్కో మాట వెతుక్కోవాలి. అలా వెతికినవన్నీ ఎడ్మే కార్డుల మీద రాసుకుంది, మొత్తం మూడు వందల పన్నెండు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసువాళ్లు కార్డులు ఇవ్వలేదు. దుకాణంలో దొరికిన వంటల కార్డులతో మొదలుపెట్టి, చివరిదాకా అవే వాడింది. 'వంటకం పేరు' అని అచ్చయిన చోట ఇంగ్లీషు క్రియ, 'కావలసినవి' దగ్గర సందర్భం, 'చేసే విధానం' కింద ఫ్రెంచి మాటలు. 'ఎంతమందికి సరిపోతుంది' అన్న గడిని మాత్రం వదిలేసింది.

ఫ్రెంచి మాట్లాడే మా మెమ్రమ్‌కుక్ ఊరి జనానికి ఈ యాతన లేదు. ఇంగ్లీషు క్రియను ఉన్నదున్నట్టుగా ఎత్తుకొచ్చి, చివర ఫ్రెంచి తోక కట్టి, హాయిగా మాట్లాడేస్తారు. వింటే ఎడ్మేకి ఒళ్లు మండుతుంది. పెళ్లి విందుల్లో సైతం మనుషులను ఆపి సరిదిద్దుతుంది కనుక, ఆమె పక్కన కూర్చున్నవాళ్లు తల ఊపడంతో సరిపెట్టుకుంటారు.

అన్ని కార్డుల్లో ఒక్కటే పూర్తికానిది. 'గెట్ ఓవర్', అంటే దుఃఖం నుంచి తేరుకోవడం. నిఘంటువుల నిండా మాటలున్నాయి. పదకొండేళ్ల కిందట అన్న లెయోన్స్ పడవ ప్రమాదంలో పోయినప్పుడు, 'కావలసినవి' దగ్గర అతని పేరు రాసి, కింద ఏం రాయాలో తెలియక కలం మూసేసింది. ఇప్పటికీ తెలియలేదు.

"ఏ డబ్బా తీసుకెళ్లమన్నావు?" అని అలీర్ వంటింట్లోంచి కేకేశాడు.

"వంటల కార్డులున్న డబ్బా."

రెండూ ఒకే రకం బిస్కెట్ల డబ్బాలు. అలీర్ తొందరపడే మనిషి కాదు. మూత తీసి చూశాడు. 'వంటకం పేరు' అని స్పష్టంగా అచ్చయి ఉంది. మూత పెట్టి, చంకలో పెట్టుకుని వెళ్లాడు.

సంతలో ఫ్రికో వండే బాధ్యత ఏటా జెలికాదే. కోడిమాంసం, బంగాళాదుంపలు, మా వైపు ఎండబెట్టుకునే ఆకు వేసి పెద్ద గుండిగలో పులుసు కాస్తుంది. జెలికా అలీర్‌కి అక్క, చనిపోయిన లెయోన్స్‌కి భార్య. ఇలాంటి కుండమార్పిడి పెళ్లిళ్లు మా దగ్గర కొత్తేమీ కాదు. తమ్ముడు తెచ్చిన డబ్బా చూసి ఆమెకు గొప్ప ఆలోచన వచ్చింది. ఎడ్మే వాళ్లమ్మ చేతివంట అంటే ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్రికో గిన్నెకొక కార్డు ఉచితంగా ఇస్తే జనం ఎగబడతారు. కళ్లజోడు ఆవిరికి మసకబారుతోందని ఆమె దాన్ని పొద్దున్నే తీసి పక్కన పెట్టేసింది.

కార్డులు తిన్నాక సర్దుకుందామని, మధ్యాహ్నం ఎడ్మే ఇంట్లో ఉన్న డబ్బా మూత తీయకుండానే సంతకు వెళ్లి వరుసలో నిలబడింది. గిన్నె చేతికొచ్చింది, గిన్నెతోపాటు 'షో అప్' కార్డూ వచ్చింది.

"వదినా, ఇదేంటి?"

"మీ అమ్మ వంట. అదృష్టవంతురాలివి, ఫ్రికో అడుగంటింది, నీదే ఆఖరు గిన్నె."

"ఇది నా కార్డు. మిగతావి ఏవి?"

జెలికా గరిటెతో చర్చి హాలంతా చూపించింది. మూడు వందల మంది తలొక కార్డు పట్టుకుని తింటున్నారు. ఒకాయన దానితో బల్ల మీద పులుసు తుడుస్తున్నాడు. ఆ తర్వాత ఎడ్మే జెలికాను అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. వ్యాకరణం మాత్రం నిక్షేపంగా ఉంది.

తప్పు దిద్దుకుందామని అలీర్ ఫాదర్ కమిల్ దగ్గర మైకు తీసుకున్నాడు. భార్య కార్డులని చెబితే ఎవరూ పట్టించుకోరేమోనని కొంచెం బరువు పెంచాడు.

"మీ చేతుల్లో ఉన్నవి ప్రభుత్వ భాషకి సంబంధించిన కార్డులు. సోమవారం యూనివర్సిటీ నుంచి మనిషి వస్తున్నారు. రేపు పూజకొచ్చేటప్పుడు అందరూ తెచ్చి కానుకల బుట్టలో వెయ్యండి."

అందరూ కార్డులను పులుసుకు దూరంగా జరిపారు. ప్రభుత్వం, భాష, సోమవారం, మనిషి. చిన్నప్పుడు బడిలో ఎర్రసిరా దెబ్బలు తిన్న జనానికి ఈ నాలుగు మాటలు చాలు. ఎడ్మే అప్పటికే కళ్లు తుడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్లిపోయింది కనుక, తర్వాత బల్లల దగ్గర నడిచిన చర్చ ఆమె చెవిన పడలేదు.

"మళ్లీ మన ఫ్రెంచికి పరీక్ష పెట్టారన్నమాట," అన్నాడు పాల డెయిరీ యులిస్.

"పైన ఇంగ్లీషు, కింద వాళ్ల ఫ్రెంచి ఇచ్చారు. వెనకాల మనది రాయాలట," అంది అతని మరదలు.

"రాయమని ఎవరన్నారు?"

"ఖాళీగా వదిలారు కదా బావా. గవర్నమెంటు ఊరికే ఖాళీ వదులుతుందా?"

ఆదివారం కానుకల బుట్టలు పొంగిపొర్లాయి. ఫాదర్ కమిల్ పాతికేళ్లలో అలాంటిది చూడలేదు. ఎడ్మే వాటిని ఇంటికి తెచ్చి లెక్కపెట్టుకుంది. ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి. ఆ సంతోషం కార్డు వెనక్కి తిప్పేదాకానే నిలిచింది. ప్రతి దాని వెనకా రాత, అదీ చెరగని సిరాతో.

"ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను," అంది.

"చదివి చెప్పు," అన్నాడు అలీర్, తలుపు దగ్గరే నిలబడి. అంతకన్నా దగ్గరికి రావడానికి ధైర్యం చాలలేదు.

ఎడ్మే అలవాటుగా ఎర్ర పెన్సిలు తీసుకుంది. 'షో అప్' కార్డు ఆమె ఎంగిలి గిన్నె పక్కన వదిలేసిందే. దాని ముందువైపు 'హాజరగుట, ప్రత్యక్షమగుట' అని తన రాత. వెనక ఎవరో రాశారు: "మా బావమరిది, సరిగ్గా భోజనం వేళకి." 'డ్రాప్ ఇన్' వెనక: "నిమిషం కూర్చుంటానని వచ్చి, కోటు విప్పకుండా మూడు గంటలు కూర్చోవడం." 'పుట్ అప్ విత్'కి ఆమె 'సహించుట, భరించుట' అని రాసుకుంది. వెనక: "నలభై ఏళ్లుగా చేస్తున్నాను, దీనికి పేరుందని ఇవాళే తెలిసింది." 'ఎంతమందికి సరిపోతుంది' గడి కూడా వదలకుండా నింపారు: "ఒక్క మొగుడికి."

కింద ప్రభుత్వం సులువుగా గుర్తుపట్టాలని తండ్రి పేరు, తాత పేరుతో సహా సంతకాలు చేశారు. ఎర్ర పెన్సిలు ఎప్పుడు కింద పెట్టిందో ఎడ్మేకి తెలియదు. ఆమె పగలబడి నవ్వుతుంటే విని అలీర్ కుర్చీ దాకా వచ్చాడు. వినడం మానేసి ముప్ఫై ఏళ్లుగా తాను సరిదిద్దుతూ వచ్చిన మనుషులు ఇంత చక్కగా మాట్లాడతారని ఆమెకు అప్పుడు తెలిసింది.

కట్టలో అడుగున 'గెట్ ఓవర్' కార్డు ఉంది. దాని మీద సంతకం లేదు. ఫ్రికో ధరల పలక మీద ఉండే పెద్ద పెద్ద అక్షరాలే ఇక్కడా ఉన్నాయి.

"తేరుకోవడం అంటూ ఏమీ లేదు. బల్ల దగ్గర ఆయన కుర్చీ అలాగే ఉంచి, పక్క కుర్చీల్లో సర్దుకుంటాం."

ఎంతమందికి సరిపోతుంది: "ఇద్దరికి."

ఎడ్మే ఆ కార్డు చేత్తో పట్టుకుని, కోటు కూడా మరిచిపోయి, రోడ్డు దాటి జెలికా ఇంటికి వెళ్లింది. లెయోన్స్ పోయిన పదకొండేళ్లలో వాళ్లిద్దరూ అతని పేరెత్తి ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

"ఖాళీగా ఉందని ఎవరికీ ఇవ్వలేదు," అంది జెలికా తలుపు తీస్తూనే. "కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఆయన పేరుంది."

"వదినా, నిన్న నిన్ను అనరాని మాటలన్నాను."

"అన్నావు. మంచి ఫ్రెంచిలో అన్నావు, సగం అర్థం కాలేదు. లోపలికి రా, చలి."

సాయంత్రం దాకా లెయోన్స్ గురించి మాట్లాడుకున్నారు. వెళ్లేముందు ఎడ్మే వదినను గట్టిగా పట్టుకుని, "నీకు రుణపడిపోయాను," అంది. ఆ సాయంత్రం మాటల మధ్యలో జెలికా మూడు ఇంగ్లీషు క్రియలకు ఫ్రెంచి తోకలు కట్టింది. ఎడ్మే ఒక్కదాన్నీ సరిదిద్దలేదు.

సోమవారం సరిగ్గా పదింటికి ప్రొఫెసర్ సవ్వా వచ్చారు. ఎడ్మే ముందుగానే క్షమాపణ చెప్పుకుంది. "ముందువైపు చూడండి, వెనకవైపు మా ఊరివాళ్లు..."

ప్రొఫెసర్ వెనకవైపే చూశారు. చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"మదాం గొదే, ముందున్న మాటలు మా నిఘంటువుల్లో ఉన్నాయి. వెనకున్నవి ఎక్కడా లేవు. పుస్తకం ఈ వైపు నుంచి వేద్దామా?"

శుక్రవారం అడిగి ఉంటే ఎడ్మేకి ఆ మాటకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఇప్పుడు కిటికీలోంచి ఊరివైపు చూసి, కళ్లు తుడుచుకుని, "వెయ్యండి, అందరి పేర్లూ వెయ్యండి," అంది.

పుస్తకం మరుసటి ఏడాది సంతకు అచ్చయి వచ్చింది. మొదటి పేజీలో మూడు వందల పదకొండు పేర్లు, తాతలతో సహా ఉన్నాయి. తిరిగి రాని ఆ ఒక్క కార్డు కోసం ఫాదర్ కమిల్ ఇప్పటికీ నెలకోసారి పూజ చివర గుర్తుచేస్తుంటారు. దాని మీదున్న క్రియ 'గివ్ బ్యాక్'.