పావుతక్కువ పన్నెండు

"ఇవాళ్టితో ఉద్యోగం చేసే తల్లుల కష్టాలు సమాప్తం!" అని శిశు సంరక్షణ శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మూడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ఉచిత ప్రీస్కూలు. సోమ, బుధ, శుక్రవారాల్లో. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పావుతక్కువ పన్నెండు దాకా.

ఒక విలేఖరి లేచి, "ఆఫీసులు ఐదింటిదాకా ఉంటాయి కదా సార్?" అన్నాడు.

మంత్రిగారు జాలిగా నవ్వారు. "మూడేళ్ల పసివాళ్ల మీద అంత పనిభారం మోపడం మా ప్రభుత్వ విధానం కాదు."

మళ్లీ చప్పట్లు. వెనక వరసలో అందరికంటే గట్టిగా కొట్టింది స్పీచి మేడమ్. ఆ ఉపన్యాసం రాసింది ఆవిడే. మంత్రిగారు చెమ్మగిల్లిన కళ్లతో పలికే ప్రతి మాటా ముందు ఆవిడ కంప్యూటర్లో పుట్టాల్సిందే. ఈసారి తన వాక్యాలకు తనే కరిగిపోయి, ఆ సాయంత్రమే మూడున్నరేళ్ల కూతురిని ప్రీస్కూల్లో చేర్పించింది. పిల్లకు ఒకచోట కాలు నిలవదు గనుక ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు.

అంతవరకూ పిచ్చుకను పక్కవాటా పిన్నిగారు చూసుకునేది. ఆవిడా టీవీలో ఉపన్యాసం విని కళ్లొత్తుకుంది. మర్నాడే బట్టల కొట్లో ఉద్యోగానికి కుదిరింది.

"ఇక సర్కారే చూసుకుంటుందిగా అమ్మాయ్! ఇన్నాళ్లూ నీ మొహం చూసి ఆగాను," అంది సంతోషంగా.

ఆదివారం వంటింట్లో కుటుంబ సమావేశం జరిగింది. స్పీచి మేడమ్ చార్టు మీద వారానికంతటికీ గడులు గీసింది. స్కూలుకి పచ్చ రంగు, మొగుడికి నీలం, అత్తగారికి ఎరుపు.

మొగుడు రైలు నడుపుతాడు. "నా డ్యూటీ ఏ రోజు ఎప్పుడుంటుందో నాకే తెలీదు. రైలు మధ్యలో ఆపి, పిల్లను తెచ్చుకుంటానంటే ప్రయాణికులు ఊరుకుంటారా?" అన్నాడు.

అత్తగారికి రెండు వీధుల అవతల టైలరింగ్ షాపు ఉంది. "మంగళ, గురువారాలు నా దగ్గర వదులు. మిగతా రోజులు కటింగు పని. కత్తెర్లూ ఇస్త్రీపెట్టే ఉన్నచోట దీన్ని పెట్టుకుంటే నా గుండె ఆగిపోతుంది."

"మరి సోమ, బుధ, శుక్రవారాలు అత్తయ్యా?"

"స్కూలుందిగా?"

"పావుతక్కువ పన్నెండు దాకానే."

అత్తగారు కళ్లజోడు సర్దుకుని చార్టు వంక చూసింది. "ఇంతోటి దానికి అంత మంచి ఉపన్యాసం ఎందుకు రాశావే?"

చార్టును గోడకు అంటించారు. పచ్చ పెన్సిలు మొన ఏమాత్రం అరగలేదు.

సోమవారం పదకొండూ ఇరవైకి స్పీచి మేడమ్ కుర్చీలోంచి లేచింది. ఎదురుగా మంత్రిగారి పి.ఎ. నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికమ్మా?"

"స్కూలు వదిలేస్తారు సార్. పిల్లను తీసుకురావాలి."

"పన్నెండున్నరకి అయ్యగారికి స్పీచి కావాలే!"

"దేనిమీద సార్?"

"తల్లులకు చిక్కిన తీరిక మీద."

వెళ్లేటప్పుడు బస్సులో నిలబడి సగం, వచ్చేటప్పుడు పిల్లను ఒళ్లో కూచోబెట్టుకుని సగం, ఫోన్లోనే టైపు చేసి పంపించింది. మధ్యలో పిచ్చుక వేలు పెట్టడంతో రెండో పేరాలో నాలుగు ఏనుగు బొమ్మలు చేరాయి. మంత్రిగారు వాటి దగ్గర ఆగి, నీళ్లు తాగి, సభ వంక మౌనంగా చూశారట. ఉపన్యాసం మొత్తంలో ఆ ఘట్టమే హృదయాన్ని తాకిందని పత్రికలు రాశాయి.

పిల్లనైతే తెచ్చింది, ఎక్కడ దాచాలి? ఇంట్లో ఎవరూ లేరు. సెలవులన్నీ అయిపోయాయి. ఇంకొక్కటి పెట్టినా వేరే మనిషిని చూసుకుంటామని పి.ఎ. ముందే సెలవిచ్చాడు. దిక్కుతోచక బేస్‌మెంట్‌లోని రికార్డు రూముకి దిగింది. అక్కడి గుమాస్తా రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. ఆయన్ని బతిమాలడానికి నోరు తెరిచేలోపే బీరువాల వెనక నుంచి కిలకిలా నవ్వులు వినిపించాయి.

"నా మనవరాలు ఒకతి, లిఫ్టు నడిపే అమ్మాయి కవలలు ఇద్దరు. మీది నాలుగోదమ్మా," అన్నాడు గుమాస్తా. "ముందు చేతులు కడిగించండి."

రెండు నెలల్లో నలుగురు కాస్తా పద్నాలుగు మంది అయ్యారు. తల్లులూ తండ్రులూ వంతులవారీగా వచ్చి అరగంటేసి కూచున్నారు. గది ఊడ్చారు, తడిగుడ్డ పెట్టారు, బల్బులు మార్చారు. పాత కమిటీల నివేదికలన్నీ పరుపులయ్యాయి. పనిచేసే తల్లుల సమస్యలపై వేసిన తొలి కమిటీ నివేదిక మీద పడుకోవడానికి పిల్లలు పోటీపడేవారు. ఎవరూ తెరవలేదు కనుక మడత నలక్కుండా ఉంది.

పైన ఆఫీసులో ఎవరూ సెలవు పెట్టడం లేదు, మధ్యాహ్నమే ఇళ్లకు వెళ్లిపోవడం లేదు. ఆరు నెలలు పట్టే ఫైలు నాలుగు రోజుల్లో కదులుతోంది. మంత్రిగారికి అనుమానం వచ్చింది.

"ఫైళ్లు కదులుతున్నాయేమిటయ్యా? ఎవరు డబ్బులిస్తున్నారు?"

"ఎవరూ ఇవ్వడం లేదు సార్. అదే అర్థం కావడం లేదు," అన్నాడు పి.ఎ., బిక్కమొహం వేసి.

ఆరా తీస్తూ తీస్తూ మంత్రిగారు స్వయంగా బేస్‌మెంట్‌కి దిగారు. వెనకాలే వస్తున్న స్పీచి మేడమ్‌కి మెట్టు మెట్టుకీ ఉద్యోగం ఊడిపోతున్నట్టే ఉంది.

గుమ్మంలో పిచ్చుక అడ్డం నిలబడింది. "చేతులు కడుక్కున్నావా?" అని అడిగింది.

మంత్రిగారిని ఇంతవరకూ ఏ విచారణ సంఘమూ అంత సూటిగా అడగలేదు. ఆయన ఉలిక్కిపడ్డారు. అంతలో వెనక ఫొటోగ్రాఫర్ ఉన్నాడని గుర్తొచ్చి, పిల్లను ఎత్తుకుని, "ఇదీ నేను కలలుగన్న గది!" అన్నారు.

స్పీచి మేడమ్ మెట్ల మీదే కూలబడి ఏడ్చేసింది. ఉపన్యాసం కోసం కాకుండా ఆవిడ కన్నీళ్లు పెట్టుకుని చాలా రోజులైంది.

ఆ వారమే ప్రకటన వెలువడింది. ప్రతి ఆఫీసులోనూ ఇలాంటి గది! పర్యవేక్షణకు ప్రత్యేక డైరెక్టరేటు! డైరెక్టరేటుకు చోటు కావాలి గనుక పి.ఎ. బిల్డింగంతా తిరిగి చూసొచ్చాడు.

"ఊడ్చిన గది, తాగేనీళ్లు, పక్కనే బాత్రూము, కొత్త బల్బులు. మొత్తం బిల్డింగులో ఆ రికార్డు రూమంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు సార్."

శనివారం ఆరు టేబుళ్లు దిగాయి. రికార్డులతో పాటు గుమాస్తాను ఊరవతల గోడౌనుకి బదిలీ చేశారు. అనుభవం దృష్ట్యా స్పీచి మేడమ్‌ని స్పెషలాఫీసర్ని చేశారు. మంత్రిగారే ఆర్డరు చేతికిచ్చారు.

"మరి పిల్లలు, సార్?" అంది ఆవిడ.

"ఇదంతా వాళ్లకోసమేగా అమ్మా!" అన్నారాయన ఆప్యాయంగా. ఆ పూటే పి.ఎ. ఓ కాగితాల కట్ట తెచ్చి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు. ఆవిడ పెడుతూ పోయింది.

సోమవారం పన్నెండు దాటాక పిచ్చుకను చంకనెత్తుకుని ఆవిడ బేస్‌మెంట్‌ గుమ్మం చేరింది. కొత్త గార్డు లేచి సెల్యూట్ కొట్టాడు. తర్వాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరు వెళ్లండి మేడమ్. పాపను పంపకూడదు."

"నేనిక్కడ స్పెషలాఫీసర్ని."

"తెలుసు మేడమ్. అందుకే సెల్యూట్ కొట్టాను."

"ఓ మూల కూచుంటుందయ్యా. నిద్రపోయే వేళ కూడాను."

గార్డు పక్కకు జరిగి, తలుపు మీది నోటీసు చూపించాడు. శిశు సంరక్షణ డైరెక్టరేటు. పిల్లలకు ప్రవేశం లేదు. కింద స్పెషలాఫీసర్ సంతకం, గుండ్రంగా, అందంగా ఉంది.

"మీ ఆర్డరు మీరే కాదంటే నా ఉద్యోగం పోతుంది మేడమ్," అన్నాడు గార్డు, గొంతు తగ్గించి. "నాకూ ఇద్దరు చిన్నపిల్లలున్నారు."